రెండవ జత

కూడు, గుడ్డ, గూడు అను మూడును మనుజునకు ముఖ్యావసరములని పెద్దలు చెప్పుదురు. ఈ మూడింటిలో గుడ్డకు ఒక ప్రత్యేకత కలదు. ఇంటిలోని లేమిని నాలుగు గోడలు కప్పిపుచ్చును. కడుపులోని ఆకలిని చిఱునవ్వు కప్పిపుచ్చును. కాని ఒంటిమీది గుడ్డ దాచవలెనన్నను దాగదు. వాకిలి దాటినది మొదలు అది పదిమంది కంటను పడుచునే యుండును. బడిలో ఉదయప్రార్థన వేళ విద్యార్థులు వరుసలు తీర్చి నిలిచినప్పుడు ఉపాధ్యాయుని చూపు మొదట పడునది వారి దుస్తులపైననే. ఉతికిన దుస్తులు ధరించినవాడు బుద్ధిమంతుడనియు, మాసిన దుస్తులతో వచ్చినవాడు సోమరియనియు లోకము తీర్పు చెప్పును. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమైనదో విచారింపవలసి యున్నది.

1917వ సంవత్సరమున గాంధీమహాత్ముడు బీహారు ప్రాంతములోని చంపారన్ జిల్లాకు వెళ్లెను. నీలిమందు తోటల దొరల చేతిలో నలిగిపోవుచున్న రైతుల కష్టములను విచారించుట ఆయన వెళ్లిన పని. ఆ విచారణ సాగుచుండగా పల్లెలలోని నిరక్షరతయు, అపరిశుభ్రతయు ఆయన కంటబడినవి. అందువలన కొన్ని గ్రామములలో చిన్న పాఠశాలలు తెఱిపించి, చదువుతోపాటు శుభ్రతను గూడ నేర్పు ఏర్పాటు చేసెను. అట్టి గ్రామములలో భితిహర్వా ఒకటి. దానికి సమీపమునగల ఒక కుగ్రామమున కొందఱు స్త్రీలు మిక్కిలి మాసిన చీరలు కట్టుకొని యుండిరి. వారు బట్టలు ఎందుకు ఉతుకుకొనుట లేదో అడుగుమని గాంధీజీ కస్తూరిబాతో చెప్పెను. ఆమె అడుగగా, వారిలో ఒకామె ఆమెను తన గుడిసెలోనికి తీసికొనిపోయి, లోపల బట్టల పెట్టెగాని బీరువాగాని లేకపోవుటను చూపెను. ఒంటిమీదనున్నది తప్ప తనకు వేఱు చీర లేదనియు, దానిని ఉతుకుట ఎట్లనియు, మహాత్మునితో చెప్పి మఱియొక చీర ఇప్పించినచో ప్రతిదినము స్నానము చేసి శుభ్రమైన బట్ట కట్టుకొందుననియు ఆమె పలికెను. ఈ సంగతిని గాంధీజీ తన ఆత్మకథలో వ్రాసియున్నాడు. అట్టి గుడిసెలు దేశములోని అనేక గ్రామములలో గలవని గూడ ఆయన తెలిపెను.

ఆ పేదరాలి మాటలలో గొప్ప సత్యము ఇమిడియున్నది. శుభ్రముగా నుండవలెనను కోరిక ఆమెకు లేకపోలేదు. ఆమెకు లేనిది రెండవ చీర. ఒక్క వస్త్రము గలవారికి శుభ్రతను గూర్చి ఎన్ని ఉపన్యాసములు చేసినను ఫలము లేదు. రెండవ వస్త్రము చేతికి వచ్చిన పిమ్మట అంతటి ఉపన్యాసముతో పనియు లేదు. నూఱేండ్లు గడచినను ఈ సత్యము మాఱలేదు. ఆమె స్థానమున నేటి ఉన్నత పాఠశాల విద్యార్థిని నిలిపి చూచినచో అది స్పష్టముగా తెలియును.

కొండప్రాంతపు పల్లెలో ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె ఉన్నదనియు, ఆమెకు బడిదుస్తులు ఒక్క జతయే కలవనియు అనుకొనుడు. ఆమె సాయంకాలము బడినుండి వచ్చి, పాత పరికిణీ కట్టుకొని, బడిదుస్తులను ఉతికి దండెముమీద ఆఱవేయును. ఎండకాలమైనచో తెల్లవాఱునప్పటికి అవి ఆఱును. వానకాలమున ఆఱవు. తెల్లవాఱిన పిమ్మట ఆమె యెదుట మూడే మార్గములుండును. తడిగుడ్డలు తొడిగికొనిపోయి సాయంత్రము వఱకు వణకుచు కూర్చుండుట ఒకటి. ఉతుకుట మాని, మాసిన దుస్తులతోనే పోయి తోటివారి యెగతాళికి గుఱియగుట రెండవది. ఆ దినము బడి మానుట మూడవది.

మూడవ మార్గము అన్నిటికంటె సులభముగా తోచును. అన్నిటికంటె హాని చేయునదియు నదియే. ఒక దినము బడి మానినపుడు గణితములో ఒక మెట్టు తప్పును. మరునాటి పాఠము అర్థము కాదు. అర్థము కాని తరగతిలో కూర్చుండుట మఱింత సిగ్గుగా తోచును. ఇట్లు ఒక జత దుస్తుల లేమివలన మొదలైన గైరుహాజరు కొంతకాలమునకు చదువునే మాన్పింపవచ్చును. హాజరుపట్టీలో ఆ బాలిక పేరున కెదురుగా పడిన గుర్తు ఆమె రాలేదని మాత్రమే చెప్పును. ఎందుకు రాలేదో అది చెప్పదు.

శ్రీకాకుళము, విజయనగరము, 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాల పరిస్థితులను ఎఱిగినవారికి ఈ సంగతి వింతగా తోచదు. ఒకవైపు తూర్పు కనుమలు, ఒకవైపు సముద్రము, నడుమ నాగావళి, వంశధార, చంపావతి వంటి నదులు గల సుందర ప్రదేశమిది. అయినను కూలి పని దొరకక, ఇచ్చటి కుటుంబములనేకము విశాఖపట్టణమునకు, విజయవాడకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు వలస పోవుచుండును. తల్లిదండ్రులు వలస పోయినపుడు పిల్లలు తాత, నాయనమ్మల యొద్దనో, వసతిగృహములలోనో ఉందురు. చూపు మందగించిన నాయనమ్మ మనుమని చొక్కాకు ఊడిన గుండీ కుట్టలేదు. చెఱువునుండి బిందెడు నీరు తెచ్చుటయే ఆమెకు భారము. ఇక సీతంపేట, పార్వతీపురము ఏజెన్సీలలోని సవర, జాతాపు పిల్లలు చదువుకొను ఆశ్రమ పాఠశాలలలో వానకాలము వచ్చినదన్న బట్టలు ఆఱవేయుటయే ఒక సమస్య. గెడ్డలు పొంగి, కొండలపై మబ్బు క్రమ్మి యుండగా దండెముమీది గుడ్డలు రెండు మూడు దినములైనను చెమ్మ వీడవు.

ఈ తీరమునకు తుపానుల బెడద గూడ కలదు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటి, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలను గూడ అతలాకుతలము చేసెను. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఉద్దానములోని కొబ్బరితోటలను, జీడితోటలను నేలకూల్చెను. చెట్టు కూలినచో లోకమునకు కనబడును. ఇంటి పైకప్పు ఎగిరిపోయినపుడు పెట్టెలోని బడిదుస్తులు బురదపాలగుట అంతగా కనబడదు. బియ్యము, మందులు ఎంత అవసరమో, పిల్లలు మరల బడికి పోవుటకు రెండు జతల దుస్తులును అంత అవసరమే.

విచిత్రమేమనగా, ఈ సీమ వస్త్రమునకు ప్రసిద్ధి కెక్కిన సీమ. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు సన్నని ఖద్దరునకు పెట్టినది పేరు. అచ్చటి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వి, అందలి నలుసులను తొలగించి, నూఱవ నంబరు వంటి సన్నని నూలు వడకుదురు. ఒక్క ధోవతి తయారగుటకు ఎన్ని చేతులు ఎన్ని దినములు శ్రమింపవలెనో ఈ సీమవారు ఇతరులకంటె బాగుగా ఎఱుగుదురు. గుడ్డ విలువ ఎఱిగిన చోట గుడ్డ లేనివాని బాధ గూడ ఎఱిగియుండుట సహజము.

అన్ని బడులలోను పిల్లలందఱు ఒకే విధమైన దుస్తులు ధరించు ఆచారము పేదల కొఱకే పుట్టినదన్న సంగతి చాలమందికి తెలియదు. 1552వ సంవత్సరమున లండను నగరములో దిక్కులేని పిల్లల కొఱకు క్రైస్ట్స్ హాస్పిటల్ అను విద్యాలయము స్థాపింపబడెను. అచ్చటి పిల్లలకు నీలిరంగు పొడుగు కోట్లు ఇచ్చిరి. అందువలన అట్టి ధర్మపాఠశాలలకు నీలికోటు బడులన్న పేరు వచ్చెను. కాలక్రమమున ధనికుల పాఠశాలలును ఈ పద్ధతిని అవలంబించినవి. ఒకే రంగు దుస్తులు ధరించినపుడు భూస్వామి కుమారుడును, కూలివాని కుమారుడును ఒకే వరుసలో సమానులై నిలుతురు. అయితే ఈ సమానత్వము రంగుతోనే సిద్ధింపదు. ఒకని చొక్కా తెల్లగను, మఱియొకని చొక్కా మాసియు ఉన్నచో, ఒకే రంగు దుస్తులే వారి వ్యత్యాసమును మఱింత స్పష్టముగా చూపును.

భారతప్రభుత్వము ఈ అవసరమును గుర్తించినది. బాలల నిర్బంధ ఉచిత విద్యాహక్కు చట్టము 2009వ సంవత్సరమున ఆమోదము పొంది, 2010వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ప్రభుత్వ పాఠశాలలలోని బాలలకు పుస్తకములతోపాటు బడిదుస్తులును ఉచితముగా నీయవలెనని దాని మాదిరి నియమములు చెప్పుచున్నవి. 2018వ సంవత్సరమున మొదలైన సమగ్ర శిక్షా పథకము క్రింద, ఎనిమిదవ తరగతి వఱకు చదువు బాలికలందఱకును, షెడ్యూల్డు కులముల, తెగల బాలురకును, దారిద్ర్యరేఖకు దిగువనున్న బాలురకును సంవత్సరమునకు రెండు జతల కొఱకు 600 రూపాయలకు మించకుండ కేటాయించిరి. కాని ఎనిమిదవ తరగతితో పిల్లల ఎదుగుదల ఆగదు. పదమూడు, పదునాలుగేండ్ల వయస్సున ఒక సంవత్సరములోనే చేతులు చొక్కాను మించి పెరుగును. తొమ్మిది, పది తరగతులవారికి ఈ సాయము మఱింత అవసరము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన ప్రారంభించిన విద్యాకానుక పథకములో ఒకటవ తరగతినుండి పదవ తరగతి వఱకు ప్రతి విద్యార్థికి మూడు జతలకు సరిపడు గుడ్డయు, బూట్లును, మేజోళ్లును, సంచియు నిచ్చిరి. 2025వ సంవత్సరమునుండి సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరిట విద్యార్థి మిత్ర అను పథకము ద్వారా ఇట్టి సామగ్రి యిచ్చుచున్నారు.

మూడు జతలలో ఒకటి ఒంటిమీద, ఒకటి నీటిలో, ఒకటి దండెముమీద ఉండును. వానకాలపు లెక్కకు ఇది సరిపోవును. అయితే గుడ్డ చేతికి వచ్చుటతో పని ముగియదు. ఆ గుడ్డను కుట్టించుటకు దర్జీకి కూలి ఇయ్యవలెను. కుట్టిన దుస్తులను శుభ్రముగా ఉంచుటకు సబ్బును, నీరును, ఎండయు, తీరికయు కావలెను. ఈ నాలుగింటిలో ఏది లేకున్నను మూడు జతలును కొలదిదినములలో మూడు మాసిన జతలగును.

పూర్వము చాకిరేవులో రజకులు చౌడుమన్ను కలిపిన నీటిలో బట్టలను తడిపి, బానలో ఆవిరికి పెట్టి, బండమీద ఉతికి, ఎండలో ఆఱవేయుచుండెడివారు. ఇండ్లలో కుంకుడుకాయల నురుగుతో పట్టుబట్టలను శుభ్రపఱచుచుండెడివారు. చౌడులోని క్షారము జిడ్డును కరగించును. సబ్బు పనియు నిట్టిదే. సబ్బు అణువునకు ఒక కొన నీటిని కోరును, మఱియొక కొన నూనెను కోరును. అందుచే అది గుడ్డనంటిన జిడ్డును పట్టుకొని నీటిలోనికి లాగుకొనిపోవును. కాని నీటిలో సున్నపు లవణములు ఎక్కువగా నున్నచో సబ్బు నురుగీయక తెల్లని తెట్టగా మాఱి గుడ్డకే అంటుకొనును. బావినీరు కఠినమైన పల్లెలలో సబ్బు త్వరగా అరుగుటయు, బట్టలు తెలుపు తగ్గుటయు ఇందువలననే. అట్టి నీటిని మరగించి చల్లార్చినను, చాకలి సోడా కొంచెము కలిపినను కాఠిన్యము తగ్గును. ఇది తెలియని విద్యార్థి తాను శ్రమపడి ఉతికినను బట్ట ఎందుకు తెల్లబడలేదో తెలియక చింతించును.

మాసిన దుస్తులవలని నష్టము కంటి కింపుగా లేకపోవుటతో ఆగదు. గజ్జి అను చర్మవ్యాధి కంటికి ఆనని పురుగువలన కలుగును. అది ఒకరినుండి ఒకరికి తాకుటవలనను, ఒకరి దుప్పటి, దుస్తులు మఱియొకరు వాడుటవలనను వ్యాపించును. వసతిగృహములలో పిల్లలు ఒత్తుకొని పండుకొనునప్పుడు ఒకరికి వచ్చినది పదిమందికి వచ్చును. ఆ పురుగు మనుష్యుని ఒంటిని వీడి రెండు మూడు దినములకంటె ఎక్కువగా సామాన్యముగా బ్రతుకదు. వేడినీటిలో ఉతికినచో చచ్చును. కావున మందు పూసికొనుటతోపాటు, ఒకే దినమున అందఱి దుప్పట్లును, దుస్తులును వేడినీట ఉతికి ఎండవేయవలెను. ఒకరు మాత్రమే ఉతికినచో వ్యాధి మరల తిరిగివచ్చును. ఒకని శుభ్రత పదిమంది శుభ్రతపై ఆధారపడియుండునని ఇందువలన తెలియుచున్నది.

ఈ సమస్య పేద దేశములకే పరిమితమని తలచుట పొరపాటు. సంపన్నమైన అమెరికా దేశములో గూడ ఉతికిన బట్టలు లేక బడి మానిన పిల్లలు కలరు. ఆ దేశమున పేదలు తఱచుగా నాణెములు వేసి నడుపు ఉతుకుయంత్రముల దుకాణములపై ఆధారపడుదురు. చేతిలో సొమ్ము లేని వారమున బట్టలు మాసియే యుండును. 2015వ సంవత్సరమున వర్ల్‌పూల్ అను యంత్రనిర్మాణ సంస్థ సెంట్ లూయిస్ మొదలగు చోట్ల కొన్ని పాఠశాలలలో ఉతుకుయంత్రములను నెలకొల్పెను. న్యూజెర్సీ రాష్ట్రములోని న్యూఆర్క్ నగరమున వెస్ట్ సైడ్ ఉన్నత పాఠశాలలో కొందఱు విద్యార్థులు మాసిన దుస్తుల కారణముగా తోటివారి వేధింపులకు గుఱియై బడికి రాకుండిరి. ఆ సంగతి గ్రహించిన ప్రధానోపాధ్యాయుడు 2018వ సంవత్సరమున పాఠశాలలోనే ఒక గదిలో ఉతుకుయంత్రములను ఏర్పఱచెను. బడి ముగిసిన పిమ్మట ఎవరి బట్టలు వారు ఉచితముగా ఉతుకుకొనవచ్చును. రాని పిల్లలను దండించుటకు మాఱుగా, రాకపోవుటకు గల కారణమును తొలగించుట ఆయన యెంచిన మార్గము.

సాయము చేయు పద్ధతి సాయమంత ముఖ్యమైనది. ఢిల్లీలో 1999వ సంవత్సరమున అంశు గుప్త స్థాపించిన గూంజ్ అను సంస్థ నగరములలోని మిగులు బట్టలను సేకరించి, శుభ్రపఱచి, పల్లెలకు చేర్చుచున్నది. వానిని భిక్షగా పంచక, పల్లెవారు తమ ఊరి బావిని త్రవ్వుకొనుట, బాటను బాగుచేసికొనుట వంటి పనులు చేసినపుడు ప్రతిఫలముగా ఇచ్చుట ఆ సంస్థ విశేషము. ఈ కృషికి గాను అంశు గుప్తకు 2015వ సంవత్సరమున రామన్ మెగసెసే బహుమతి లభించెను. తీసికొనువాని తల వంగకుండ ఇచ్చుటయే నిజమైన దానమని ఈ పని చాటుచున్నది. పదిమంది యెదుట పేరు పిలిచి, చప్పట్లు కొట్టించి ఒక చొక్కా యిచ్చినచో, ఒళ్లు కప్పబడును గాని మనస్సు నగ్నమగును.

ఉతుకుయంత్రములు లేకున్నను ఈ సీమ పాఠశాలలలో చేయదగిన పనులు కలవు. పదవ తరగతి ముగించి పోవు విద్యార్థులు తమ పొట్టియైన బడిదుస్తులను ఉతికి, చినిగిన చోట కుట్టి, గుండీలు సరిచేసి పాఠశాల కిచ్చిపోవచ్చును. వానిని కొలతల ప్రకారము ఒక పెట్టెలో పెట్టి, ఒక ఉపాధ్యాయురాలి యొద్ద ఉంచవచ్చును. బడిదుస్తులన్నియు ఒకే రంగువి గనుక, ఎవరిది ఎవరికి వచ్చినదో ఎవరికిని తెలియదు. ఇతర దుస్తులలో లేని సౌలభ్యమిది. ఆ పెట్టెలోనే సూదియు, దారమును, కొన్ని సబ్బుబిళ్లలును ఉంచవలెను. వసతిగృహములలో వరండా పైకప్పు క్రింద గాలి తగులునట్లు దండెములు కట్టినచో వానకాలపు బాధ కొంత తీఱును. బట్టలుతుకుటకు నీటి తొట్టియొద్ద ఒక చదునైన బండయు, వారమునకు ఒక పూట తీరికయు ఉన్నచో మఱికొంత తీఱును. మాసిన దుస్తులతో వచ్చిన విద్యార్థిని వరుసలోనుండి వెలుపలికి పిలువక, తరువాత ఏకాంతమున కారణమడిగిన ఉపాధ్యాయుడు అతని చదువును నిలిపినవాడగును.

విద్యార్థుల వంతు పనియు కలదు. తన బట్టలు తాను ఉతుకుకొనుట బాలబాలికలిద్దఱును నేర్వవలెను. అనేక గృహములలో అన్నదమ్ముల చొక్కాలు గూడ ఆడపిల్లయే ఉతుకుచుండును. ఆమె చదువుకొనవలసిన సాయంకాలము చెఱువుగట్టున గడచిపోవును. తన చొక్కా తాను ఉతుకుకొనిన బాలుడు తన శుభ్రతతోపాటు తోబుట్టువు చదువును గూడ కాపాడిన వాడగును. ఇక, తోటివాని మాసిన చొక్కాను చూచి నవ్వుట కంటె నీచమైన పని లేదు. ఆ నవ్వు అరనిముసము ఉండును. దానివలన ఖాళీయైన బల్ల సంవత్సరమంతయు ఉండవచ్చును.

శుభ్రత గొప్ప గుణమే. కాని అది గాలిలో పెరుగు మొక్క కాదు. దానికి రెండవ జత దుస్తులు, గుప్పెడు సబ్బు, బిందెడు నీరు, ఒక పూట ఎండ అను నేల కావలెను. ఆ నేల లేనివారిని శుభ్రముగా లేరని నిందించుటకు ముందు దానిని సమకూర్చుట సమాజధర్మము. చంపారన్‌లోని పేదరాలు మహాత్మునివలన కోరినది బోధ కాదు, ఒక్క చీర. నేటికిని ఎందఱో బాలబాలికలు నోరు తెఱచి అడుగకున్నను కోరుకొనునది అదియే.

ప్రశ్నలు

1. భితిహర్వా సమీపమున పేదరాలు కస్తూరిబాతో ఏమి చెప్పెను? ఆ మాటలలోని సత్యమేమి?
2. ఒక్క జత దుస్తులు గల విద్యార్థికి వానకాలమున కలుగు ఇక్కట్లను వివరింపుడు.
3. కఠినమైన నీటిలో సబ్బు ఎందుకు నురుగీయదు? దానికి నివారణ యేమి?
4. బడిదుస్తులు ఒకే రంగుగా నుండుటవలన సాయము పొందువారి గౌరవము ఎట్లు నిలుచును?
5. మీ పాఠశాలలో బడిదుస్తుల పెట్టెను ఏర్పఱచు విధమును గూర్చి పది పంక్తులు వ్రాయుడు.